ఇంటనుండి సాంఖ్యకశాస్త్రము

తెనాలి జంక్షనులో రైలుమార్గము చీలుచున్నది. ఒక దారి దక్షిణముగా బాపట్ల మీదుగా చెన్నపట్నము వైపు పోవును. మరియొకటి డెల్టా పొలముల నడుమ సాగి రేపల్లెలో ఆగిపోవును. ఈ మూడు ఊళ్లలోను ముగ్గురు కళాశాల విద్యార్థులు ఒకే వారములో ఒకే సాంఖ్యకశాస్త్ర పాఠమును సెల్‌ఫోనులో వినుచున్నారనుకొందము. ఒకరు ఇంటి అరుగుమీద కూర్చుండి, ఒకరు బండిలో కిటికీ పక్కన, ఒకరు రాత్రి భోజనములైన తరువాత వినుచున్నారు. చెప్పు ఆచార్యుడు వందల మైళ్ల దూరమున ఉన్నాడు. ఆయన వీరిని ఎన్నడును చూడలేదు. చూచు అవకాశమును తక్కువే. ఇట్లు నేర్చిన శాస్త్రములో విద్యార్థికి చేరునదేమి, దారిలో జారిపోవునదేమి?

దూరమునుండి చదువు చెప్పుట మనకు క్రొత్త కాదు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము పోస్టు ద్వారా పాఠములు పంప నారంభించినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో ఆ పని చేపట్టినది. 1982లో హైదరాబాదులో నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశములో అట్టివానిలో మొదటిది. దానికే తరువాత డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేరు పెట్టిరి. ఆ కాలమున పాఠము కాగితముమీద వచ్చెడిది, సందేహము పోస్టుకార్డుమీద పోయెడిది. ఇప్పుడు ఐ.ఐ.టి.ల ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములును, 2017 జూలైలో ఆరంభమైన ‘స్వయం’ వేదికయును వీడియోలతో అదే పని చేయుచున్నవి. మద్రాసు ఐ.ఐ.టి. 2020లో ఆరంభించిన డేటా సైన్సు చదువులో సాంఖ్యకశాస్త్రము మొదటి మెట్టుననే ఉన్నది. 2021 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము కళాశాలలు అంగీకరించినచో ఒక సెమిస్టరులోని పాఠ్యాంశములలో నూటికి 40 వరకు ఇట్లు ఆన్‌లైనులో పూర్తిచేయవచ్చును.

ఎన్.పి.టి.ఇ.ఎల్. పద్ధతి సులభముగానే ఉండును. వారము వారము కొన్ని వీడియోలు, వానిపై కొన్ని ప్రశ్నలు. ఆ వారపు ప్రశ్నలకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75. ఉత్తీర్ణతకు మొదటిదానిలో 10, రెండవదానిలో 30 రావలెను. పాఠము వినుటకు రుసుము లేదు. పరీక్షకు మాత్రము కలదు. ఆ పరీక్షను ఇంట వ్రాయుటకు వీలులేదు, బండి యెక్కి కేంద్రమునకు పోయి వ్రాయవలసినదే.

పాఠ్యక్రమము అన్నిచోట్లను ఇంచుమించు ఒకటే. అంకమధ్యమము, మధ్యగతము, ప్రామాణిక విచలనము, సంభావ్యత, ప్రతిచయనము, అంచనాలు, పరికల్పనల పరీక్ష, చివర సహసంబంధము. మొదటి నాలుగు వారములు హాయిగా సాగును. అయిదవ వారమో ఆరవ వారమో ‘ప్రామాణిక దోషము’ అను మాట వచ్చును. అక్కడనుండి చాలమంది శ్రోతలేగాని విద్యార్థులు కారు.

దానికి కొంత కారణము మాటలలోనే ఉన్నది. ‘దోషము’ అనగానే ఎవరో తప్పుచేసిరని మనకు తోచును. ఇక్కడ ఎవరును తప్పు చేయలేదు. పది పిడికిళ్ల ధాన్యము తీసినచో పది పిడికిళ్లును ఒకే తూకము తూగవు. ఆ సహజమైన ఊగిసలాట కొలతకే ఆ పేరు. ‘జనాభా’ యనునదియు అట్టిదే. మనుష్యులే కానక్కరలేదు, మనము దేనిని గురించి మాటాడుచున్నామో ఆ సమస్తమునకు ఆ పేరు చెల్లును. దాని హద్దు మారినచో అంకెయు మారును. 2022 ఏప్రిలులో బాపట్ల, రేపల్లె ప్రాంతములు క్రొత్త బాపట్ల జిల్లాలో చేరినవి, తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచినది. కనుక గుంటూరు జిల్లా సగటు దిగుబడి యని 2021లో చెప్పినదానిని, 2023లో చెప్పినదానిని పక్కపక్కన పెట్టి ‘పెరిగినది, తరిగినది’ అనుట సరికాదు. పేరొకటే, జనాభా వేరు.

పెద్ద కారణము మరొకటి కలదు. వారపు ప్రశ్నలలో ఇట్టి లెక్క వచ్చుననుకొందము: ప్రామాణిక విచలనము 10, ప్రతిరూప పరిమాణము 25, ప్రామాణిక దోషమెంత? విద్యార్థి 25కు వర్గమూలము 5 అని, 10ని 5తో భాగించి, 2 అని వ్రాయును. యంత్రము వెంటనే పచ్చగీత పెట్టును. ‘సరే, ఈ 2 దేనిని చెప్పుచున్నది? మారుచున్నదేది?’ అని అడిగి చూడుడు. తరగతిగదిలోనైనచో ఉపాధ్యాయుడు వెనుక బల్లవాని ముఖము చూచి ఈ ప్రశ్న వేసెడివాడు. యంత్రము ముఖము చూడదు. మార్కు వచ్చినది, అర్థము రాలేదు. రాలేదన్న సంగతి విద్యార్థికే తెలియదు.

దీనికి మందు ఫోనులో లేదు, వంటింటిలో ఉన్నది. అష్టాచెమ్మా ఆడుటకు చింతపిక్కలను గచ్చుమీద ఒక పక్క అరగదీయుట మనవారందరును ఎరిగినదే. అరిగిన పక్క తెలుపు, రెండవ పక్క నలుపు. అట్టి పిక్క నొకదానిని వేసినపుడు తెలుపు పడు సంభావ్యత ఎంత? సగమని తొందరపడి చెప్పరాదు. నాణెమువలె రెండు పక్కలును ఒకే తీరుగ నుండవు. ఒకటి చదునైనది, ఒకటి ఉబ్బెత్తుది. వేసి చూచినగాని తెలియదు. సాంఖ్యకశాస్త్రమునకు ఇంతకన్న చౌకయైన ప్రయోగశాల నాకు తోచుట లేదు.

తెనాలి విద్యార్థిని తన పిక్కను నూరుసార్లు వేసి, పదేసి వేతలకు ఒక్కొక్క లెక్క వ్రాసికొన్నదనుకొందము. తెలుపు పడినవి వరుసగా 5, 7, 4, 6, 5, 3, 6, 5, 7, 4. మొత్తము 52. పిక్క ఒకటే, చేయి ఒకటే, గచ్చు ఒకటే. అయినను ఒక పదిలో 3, మరొక పదిలో 7. మారుచున్నది పిక్క కాదు. పదేసి వేతల ఫలితము మారుచున్నది. ఈ పది లెక్కల ప్రామాణిక విచలనము కట్టినచో సుమారు 1.3 వచ్చును. రెండు పక్కలకును సమాన సంభావ్యత గల వస్తువునకు సిద్ధాంతము చెప్పు విలువ సుమారు 1.6. చూచినవి పది గుంపులే గనుక ఆ కొద్ది తేడాకు విచారింప బనిలేదు. పుస్తకములో ప్రామాణిక దోషమని వ్రాసినది ఈ 1.6నే. దానిని సూత్రములో చూచినవానికి అది గుర్తుండకపోవచ్చును. తన చేతి క్రింద 3 నుండి 7 వరకు ఊగుట చూచినవాడు మరవడు.

ఇక వేతలు పెంచిన ఏమగును? నూరు వేతలలో తెలుపు శాతమునకు ప్రామాణిక దోషము సుమారు 5. దానిని సగము చేయవలెనన్న వేతలు రెట్టింపు చేసిన చాలదు, నాలుగింతలు, అనగా 400 చేయవలెను. ఇక్కడ చాలమంది లోభించుదురు. రెట్టింపు శ్రమకు రెట్టింపు ఫలము కావలెనని మనస్సు కోరును; వర్గమూలము అందుకు ఒప్పుకొనదు.

ఈ వర్గమూలముతో ఆ పొలములకు పెద్ద సంబంధమే ఉన్నది. బాపట్లలో 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల కలదు, చుట్టును వరిపొలములు. గ్రామమంతటి దిగుబడిని తూచుట అసాధ్యము గనుక కోత ప్రయోగములు చేయుదురు. వరికి సాధారణముగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కొలిచి, కోసి, నూర్చి, తూచుదురు. ఆ మడి పొలములో ఎక్కడ పడవలెనో యాదృచ్ఛిక సంఖ్యలు నిర్ణయించును. రైతుకు బాగున్నదని తోచిన చోటును పనికిరాదు, ఉద్యోగికి గట్టు దగ్గరగా ఉన్న చోటును పనికిరాదు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, గ్రామమును యూనిట్టుగా పెట్టుకొన్న ప్రధాన పంటకు కనీసము నాలుగు కోత ప్రయోగములు జరుగవలెనని నిబంధన. వాని సగటు, ముందుగా నిర్ణయించిన హద్దుకన్న తగ్గిననే పరిహారము.

నాలుగు! మన విద్యార్థి ఇక్కడ ఆగి ఆలోచింపవలెను. లెక్కకై కొన్ని అంకెలు పెట్టుకొందము; ఇవి ఏ గ్రామపు లెక్కలును గావు. హద్దు ఎకరమునకు 28 బస్తాలు. గ్రామములో నిజముగా పండినది సగటున 26. మడికిని మడికిని తేడాను చెప్పు ప్రామాణిక విచలనము 6 బస్తాలు. నాలుగు కోతల సగటునకు ప్రామాణిక దోషము 3 బస్తాలగును. అప్పుడు పంట నిజముగా తగ్గియుండియు, కోతల సగటు 28 దాటు సంభావ్యత ఇంచుమించు నాలుగింట ఒకటి. అనగా అట్టి నాలుగు గ్రామములలో ఒక గ్రామపు రైతులకు, ఎవరును మోసము చేయకుండగనే, రావలసిన సొమ్ము రాదు. కోతలు 16 చేసినచో ఆ అపాయము పదకొండింట ఒకటికి దిగును. పంట తగ్గని గ్రామమునకు సొమ్ము వచ్చుటయు ఇట్లే జరుగును. దానిపై ఫిర్యాదు చేయువారు ఉండరు గనుక అది వినబడదు.

మరియొక చిక్కు కలదు. మడులెన్ని పెంచినను పోని దోషములున్నవి. 1940ల దశకములో పి. వి. సుఖాత్మే చిన్న మడులనుండి కట్టిన దిగుబడి నిజముకన్న ఎక్కువగా తేలుచున్నదని చూపెను. మడి అంచుమీద నున్న దుబ్బును లోపలిదిగా కోయుట మానవ స్వభావము. ఒక మీటరు చదరపు మడికి చదరపు మీటరు ఒక్కింటికి 4 మీటర్ల అంచు; 5 మీటర్ల మడికి 0.8 మీటరు మాత్రమే. మడి చిన్నదైనకొలది అంచు పెత్తనము పెరుగును. ఇట్టి పక్షపాతము ఊగిసలాట కాదు, ఒకే వైపు మొగ్గు. వేయి మడులు కోసినను సగటు ఆ తప్పు చోటనే స్థిరపడును. ప్రామాణిక దోషపు సూత్రము దీనిని పట్టజాలదు.

ఇట్టి సంగతులు వీడియోలో రాకపోవని కాదు. కొందరు ఆచార్యులు చక్కగా చెప్పుదురు. కొన్ని పాఠముల వ్రాతప్రతులను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఉంచినారు కూడ. కాని వినువాడు నడుమ ఆపి ‘ఇది ఇట్లే ఎందుకుండవలె’నని అడుగుట మాత్రము అక్కడ కష్టము. అడుగుటవలన ఏమి జరుగగలదో సి. ఆర్. రావుగారి కథయే సాక్షి. 1920లో హడగలిలో తెలుగు కుటుంబమున పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో శిక్షణకు చేరినవారాయన. 1944లో కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచు, ప్రతిరూపము మిక్కిలి పెద్దదైనపుడు అంచనా ఎంత కచ్చితముగా ఉండగలదో తెలుపు ఫిషర్ ఫలితమును వివరించిరి. తరగతిలో నున్న వి. ఎం. దండేకర్ అను విద్యార్థి, తరువాత పేదరికముపై పరిశోధనలకు పేరొందినవాడు, ‘ప్రతిరూపము చిన్నదైనచో?’ అని అడిగెను. రావుగారు ఆ రాత్రియే దానికి సమాధానము కట్టిరి. అది 1945లో అచ్చయినది. స్వీడనులో హెరాల్డు క్రేమర్ కూడ వేరుగా అదే ఫలితమును సాధించినందున దానికి క్రేమర్–రావు అసమానత యని పేరు వచ్చినది. రావుగారు 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి పొంది, ఆ ఆగస్టులోనే కీర్తిశేషులైరి.

స్వయం పాఠములకు చర్చావేదిక యొకటి ఉండును. అక్కడ వ్రాసిన ప్రశ్నకు ఒకనాడో మూడునాళ్లకో సమాధానము వచ్చును. పోస్టుకార్డుకన్న మేలే. అయితే ప్రశ్న పుట్టుటకు పక్కన మరియొకడుండవలెను. మన ముగ్గురును నెలకొక ఆదివారము తెనాలిలో కలిసికొందురనుకొందము. బాపట్ల విద్యార్థి నూరు వేతలలో 45 తెలుపులు తెచ్చెను, రేపల్లె విద్యార్థి 49. తెనాలి వారికి 52. ‘మా పిక్కయే మంచిది’ అని తెనాలివారు గర్వింపవచ్చునా? 52కును 45కును తేడా 7. ఒక్కొక్కదాని ప్రామాణిక దోషము 5 గనుక, తేడాకు ఉండవలసిన ఊగిసలాట 5 వర్గమును 5 వర్గమును కలిపి వర్గమూలము తీసినచో సుమారు 7. తేడా ఎంతో, ఊగిసలాటయు అంతే. గర్వమునకు ఆధారము చాలదు.

అప్పుడొకరు మూడింటిని కలుపుదమనిరి. 300 వేతలలో 146, అనగా నూటికి 48.7. ప్రామాణిక దోషము 2.9. దానికి రెండింతలు అటు, రెండింతలు ఇటు పెట్టినచో సుమారు 43కును 54కును నడుమ. సగమన్న మాట ఆ నడుమనే ఉన్నది, కొట్టివేయుటకు వీలులేదు. లెక్క ముగిసినదనుకొనునంతలో రేపల్లె విద్యార్థి అడ్డుపడెను: మూడు పిక్కలు మూడు చెట్లవి, అరగదీసిన చేతులు మూడు, ఇవి ఒకే జనాభా యని మనమెట్లు కలిపితిమి? వారపు ప్రశ్నలలో ఈ ప్రశ్న లేదు. మిగిలిన యిద్దరును తమ పుస్తకములు తిరుగవేసిరి. తుదకు రేపల్లె పిక్కను తెనాలి చేతికిచ్చి, అదే గచ్చుమీద మరల నూరు వేతలకు కూర్చుండిరి. సాయంత్రపు బండికి ఇంకను గంట వ్యవధి ఉన్నది.