రీలు కడిగే విద్య మనకింకా ఎందుకు?

ఈనాడు ఫొటో తియ్యని మనిషి లేడు. హాస్టలు మెస్సులో ఇడ్లీ పళ్ళెం మొదలు కాన్వొకేషన్ పట్టా దాకా ప్రతిదీ ఫోన్లోకి ఎక్కి కూర్చుంటోంది. తీసిన మరుక్షణం చూసుకోవచ్చు, నలుగురికీ పంపవచ్చు, నచ్చకపోతే చెరిపెయ్యవచ్చు. ఇలాంటి రోజుల్లో ఎవరైనా మెళ్ళో పాత కెమెరా వేసుకుని, 36 బొమ్మల రీలు ఒకటి అందులో ఎక్కించి, తీసిందెలా వచ్చిందో వారం దాకా తెలియకుండా తిరుగుతుంటే, "వీడికేం వచ్చింది?" అనుకోవడం సహజమే. కాని అలా తిరిగేవాళ్ళు ప్రపంచంలో తక్కువేం లేరు. ఇది వట్టి పాత మోజేనా, లేక విద్యార్థులుగా మనం నేర్చుకోదగ్గదేమైనా ఇందులో ఉందా అన్న సంగతి కాస్త విచారిద్దాం.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. డిజిటల్ కంటే ఫిలిం గొప్పదని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మసక వెలుతుర్లో తియ్యాలన్నా, ఆటల పోటీల్లో పరుగెత్తేవాళ్ళను పట్టుకోవాలన్నా, పది నిమిషాల్లో పత్రికకు పంపాలన్నా డిజిటల్ కెమెరాయే శరణ్యం. చెప్పదలచుకున్నది వేరు. రీలు కడగడం ఒక విద్య. పుస్తకాల్లో ఎంత వివరంగా రాసిపెట్టినా, చేసే చేతులు లేకపోతే ఏ విద్యా నిలవదు. దానితోపాటు పోయేవి మరికొన్ని కూడా ఉంటాయి.

పోయినదీ, మిగిలినదీ

డిజిటల్ కెమెరా పుట్టింది ఫిలిం కంపెనీలోనే అంటే చాలామందికి వింతగా తోస్తుంది. 1975లో అమెరికాలోని కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. బరువు సుమారు మూడున్నర కిలోలు. బొమ్మలో నిలువు నూరు, అడ్డం నూరు, వెరసి పదివేల చుక్కలు. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ పదివేల చుక్కలే పెరిగి పెరిగి కోట్లయినాయి. చివరకు 2012 జనవరిలో అదే కంపెనీ దివాలా పిటిషను వేసుకోవలసి వచ్చింది.

మన దేశంలోనూ అదే కథ. ఊటీలో 1960లో కేంద్ర ప్రభుత్వం హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అనే సంస్థను స్థాపించింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. "ఇందు" పేరుతో వచ్చిన ఆ నలుపు తెలుపు రీళ్ళు మన పూర్వ విద్యార్థులలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మన చేతికొచ్చే రీళ్ళు ఎక్కువగా ఇంగ్లండు, అమెరికా, జపాన్, చెక్ దేశాల పేర్లు చెప్పుకుని వచ్చేవే.

విద్య పోతే ఏమవుతుందో తెలియాలంటే కొడాక్రోం కథ చాలు. 1935లో వచ్చిన ఈ రంగుల ఫిలిం ఉత్పత్తిని 2009లో ఆపేశారు. దాన్ని కడగడం బహు చిక్కయిన పని. రంగునిచ్చే పదార్థాలు ఫిలింలో ఉండవు, కడిగేటప్పుడు ఒక్కొక్కటే ఎక్కించాలి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్ళో మిగిలిన ఆఖరి ల్యాబు 2010 డిసెంబరు 30 దాకా రీళ్ళు తీసుకుని ఆపేసింది. ఆ తరువాత ఏ అటక మీదనో దొరికిన కొడాక్రోం రీలును నలుపు తెలుపుగా కడుక్కోవలసిందే. రంగు అందులో ఉండాల్సినట్టే ఉన్నా, బయటికి తెచ్చే సదుపాయం లేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. 2008లో పోలరాయిడ్ కంపెనీ తక్షణ ఫిలిం తయారీ మానేసినప్పుడు, నెదర్లాండ్స్ దేశంలోని ఎన్‌షెడే ఫ్యాక్టరీ యంత్రాలను కొంతమంది కలిసి కొనేశారు. తీరా చూస్తే వెనకటి రసాయనాలు చాలావరకు మార్కెట్లో లేవు. అయినా ఫార్ములా మళ్ళీ మొదట్నుంచీ కట్టుకుని, 2010లో ఫిలిం అమ్మకానికి పెట్టారు. యంత్రాలూ, వాటిని నడిపించిన అనుభవజ్ఞులూ మిగిలి ఉండబట్టి గదా అది సాధ్యమైంది! ఆ తరువాత కొడాక్ వారు ఆపేసిన ఎక్టాక్రోం ఫిలిం 2018లో తిరిగి వచ్చింది. పెంటాక్స్ కంపెనీ 2024లో సరికొత్త ఫిలిం కెమెరాయే విడుదల చేసింది.

చీకట్లో జరిగేదేమిటి?

ఇక అసలు విషయానికి వద్దాం. ఫిలిం మీద జెలటిన్ పూత ఉంటుంది. ఆ పూతలో వెండి, బ్రోమిన్ కలిసిన సూక్ష్మ స్ఫటికాలు లెక్కలేనన్ని చెదిరి ఉంటాయి. షట్టరు తెరుచుకున్న ఆ క్షణంలో వెలుతురు తగిలిన స్ఫటికంలో ఒక ఎలక్ట్రాను విడివడి ఒక చోట చిక్కుకుంటుంది. దాని దగ్గరికి వెండి అయాను చేరి వెండి పరమాణువవుతుంది. ఇలా నాలుగైదు పరమాణువులు ఒకచోట పోగైతే చాలు, ఆ స్ఫటికానికి గుర్తు పడ్డట్టే. సూక్ష్మదర్శినిలో పెట్టినా ఏమీ కనబడదు. దీన్నే గుప్త ప్రతిబింబం అంటారు. ఈ వివరణ ఇచ్చినవారు గర్నీ, మాట్ అనే శాస్త్రజ్ఞులు, 1938లో.

డెవలపరు చేసే పని ఈ గుర్తును వెతకడం. గుర్తు పడిన స్ఫటికాన్ని మొత్తం నల్లటి వెండిగా మారుస్తుంది, గుర్తు లేనిదాని జోలికి పోదు. నాలుగైదు పరమాణువులు కోట్ల రెట్లు పెరిగి కంటికి కనిపించే నలుపు అవుతాయి. తరువాత ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు డెవలపరు పనిని ఆపేస్తాయి. ఆ పైన హైపో. వెలుతురు తగలని స్ఫటికాలన్నిటినీ ఇది కరిగించి పట్టుకుపోతుంది. హైపోకు ఈ గుణం ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు, అప్పటికింకా ఫొటోగ్రఫీ అనే మాటే లేదు. ఇరవై ఏళ్ళ తరువాత అది అక్కరకొచ్చింది.

సినిమాల్లో డార్క్ రూం అంటే ఎర్ర దీపం చూపిస్తారు. అది ప్రింటు వేసే కాగితానికి మాత్రమే. ఆ కాగితానికి ఎరుపు తెలియదు. ఇప్పటి నలుపు తెలుపు ఫిలిం మాత్రం అన్ని రంగులనూ గ్రహిస్తుంది, కాబట్టి దానికి కటిక చీకటి కావలసిందే. అలాగని ప్రత్యేకమైన గది ఉండి తీరాలని లేదు. రీలును ట్యాంకులోకి ఎక్కించేంత వరకే చీకటి అవసరం. చేతులు దూర్చే నల్ల సంచి ఒకటుంటే చాలు. మూత పడిన తరువాత మిగతా పనంతా పట్టపగలు హాస్టలు వరండాలో చేసుకోవచ్చు.

డెవలపరు కూడా బ్రహ్మవిద్యేం కాదు. 1927 నుంచీ వాడుకలో ఉన్న డి-76కి లీటరుకు కావలసినవి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్సు 2 గ్రాములు. ముప్పాతిక లీటరు వెచ్చటి నీళ్ళలో చిటికెడు సల్ఫైటు వేసి, ఆ వెంటనే మెటాల్ కలిపి, మిగతావి వరసగా కరిగించి లీటరుకు నింపాలి. సల్ఫైటు అంతా ముందే వేస్తే మెటాల్ కరగదు. మెటాల్ కొందరి చర్మానికి పడదు, గ్లవ్సు మరవకూడదు.

మన ఎండలకు లెక్క వేరు

పుస్తకాలన్నీ 20 డిగ్రీల సెంటీగ్రేడు అని రాస్తాయి. ఆ పుస్తకాలు రాసింది చలి దేశాల వాళ్ళు. మన విజయవాడలోనో, రామగుండంలోనో మే నెలలో ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు. వేడి పెరిగితే డెవలపరు పని జోరందుకుంటుంది. అంతేకాదు, జెలటిన్ ఉబ్బి మెత్తబడి గోరు తగిలినా చీరుకుపోతుంది. ఉదాహరణకు ఇల్‌ఫర్డ్ హెచ్.పి.5 ఫిలిముకు ఐ.డి.-11 డెవలపరులో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పడుతుంది. అదే 24 దగ్గర ఐదు నిమిషాల పైచిలుకు చాలు. ఐదు నిమిషాల కంటే తగ్గితే మరకలు మరకలుగా వస్తుంది. అంచేత సీసాలను ఐసు వేసిన బకెట్లో నిలబెట్టి, థర్మామీటరు చూసుకుంటూ దించుకోవాలి. హైపోనూ, కడిగే నీళ్ళనూ దాదాపు అదే వేడిలో ఉంచాలి.

నీళ్ళ కరువున్న చోట కూడా దారి ఉంది. గట్టిపరిచే మందు కలపని ఫిక్సరు వాడితే కుళాయి కింద గంటల తరబడి పెట్టనక్కర్లేదు. ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోయాలి, మళ్ళీ నింపి 10 సార్లు, మూడోసారి 20 సార్లు. అంతే.

వాడేసిన హైపోను మాత్రం సింకులో పొయ్యకూడదు. అందులో కరిగిన వెండి నీటిలోని జీవాలకు హాని. ఇనుప పీచు వేసి ఉంచితే ఇనుము కరిగి వెండి అడుక్కి దిగుతుంది. మన కెమిస్ట్రీ విద్యార్థులకు ఇంతకంటె మంచి ప్రాక్టికల్ ఏముంటుంది?

తియ్యడంలోనూ లెక్క ఉంది. మంచి ఎండలో లెన్సును ఎఫ్/16 దగ్గర పెట్టి, ఫిలిం వేగం ఎంతో షట్టరు కూడా సుమారు అంత పెట్టుకోవాలి. 400 ఫిలిముకు సెకనులో 500వ వంతు. తెల్ల పంచె కట్టుకుని అరుగు మీద నీడలో కూర్చున్న రైతును తియ్యాలంటే మాత్రం ఆయన ముఖానికి తగ్గ వెలుతురు ఇవ్వాలి. పంచె సంగతి కడిగేటప్పుడు చూసుకోవచ్చు, సమయం కాస్త తగ్గిస్తే అది మరీ మాడిపోదు. నీడలో పడని వివరాన్ని మాత్రం ఏ డెవలపరూ తేలేదు. ఇదంతా మీట నొక్కకముందే ఆలోచించుకోవాలి, ఎందుకంటే నొక్కాక చూసుకోవడానికి ఏమీ ఉండదు.

నెగటివ్ అనే వస్తువు

ఇంత శ్రమకు చివరికి మిగిలేది నెగటివ్. అది వస్తువు. కిటికీ దగ్గర పట్టుకుంటే ఏ యంత్రమూ లేకుండా కంటికే కనబడుతుంది. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్ దయాళ్ 1905లో కాలం చేశారు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన ఆయన గాజు నెగటివులు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. నూరేళ్ళ నాటి ఆ వెండి మీద వెలుతురు పెడితే ఇప్పటికీ ప్రింటు వస్తుంది. అలాగని ఫిలిం చిరంజీవి కాదు. మన కోస్తా ఉక్కకు బూజు పడుతుంది, ఎసిటేటు ఫిలిం పాతబడితే వెనిగరు వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. కాగితపు కవర్లలో, సిలికా జెల్ పొట్లంతో, పొడిగా దాచుకోవాలి. డిజిటల్ బొమ్మకూ సంరక్షణ కావలసిందే. నాలుగేళ్ళకోసారి ఎవరో ఒకరు శ్రద్ధగా కొత్తదానిలోకి ఎక్కించాలి. ఆ ఒకరు కోర్సు పూర్తయి వెళ్ళిపోతేనే చిక్కు.

ఇది మనకు సంబంధించిన మాటే. ఈ సావనీరు పాత సంచికలు తిరగెయ్యండి. కార్యవర్గం గ్రూపు ఫొటోలున్నాయి, కింద పేర్లూ ఉన్నాయి. వాటి నెగటివులు తీసిన స్టూడియోలలోనైనా కొన్నాళ్ళు ఉండేవి. ఈ మధ్య సంవత్సరాల గ్రూపు ఫొటోలు ఎక్కడున్నాయి? ఎవరో ఒక సెక్రటరీ ఫోన్లో. ఆయన ఫోను మార్చాడో లేదో మనకు తెలియదు.

అంచేత విద్యార్థి సంఘానికీ, ప్రిన్సిపాల్‌గారికీ ఒక మనవి. ప్రతి సంవత్సరం గ్రూపు ఫొటోను డిజిటల్‌తోపాటు ఒక నలుపు తెలుపు రీలు మీద కూడా తీద్దాం. ఆ రీలును మన విద్యార్థులే, ఫిజిక్స్, కెమిస్ట్రీ లెక్చరర్ల పర్యవేక్షణలో కడగాలి. నెగటివును కవర్లో పెట్టి, పెన్సిలుతో సంవత్సరం, పేర్లు రాసి, లైబ్రరీ బీరువాలో భద్రపరచాలి. ఒక ట్యాంకు, ఒక థర్మామీటరు, ఒక నల్ల సంచి ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తాయి. రీలు ఖరీదు కొన్ని వందల రూపాయలు. వార్షికోత్సవం నాటి పూలదండల ఖర్చులో అదొక లెక్క కాదు. ఆ పని చేసిన ఇద్దరు ముగ్గురు, వెళ్ళేముందు కింది తరగతి వాళ్ళకు నేర్పి వెళ్తే చాలు, విద్య కూడా బీరువాలోని నెగటివులతోపాటు కాలేజీలోనే ఉంటుంది.