వార్తల్లో పదం: వేట నిషేధం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరపడవలు సముద్రంలో చేపల వేటకు వెళ్లకూడదు. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన ఈ నిబంధనే వేట నిషేధం. ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది.

వేట ఆగితే మత్స్యకారుల ఇంట్లో పూట గడవడం కష్టం. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తోంది. 2025లో దాన్ని రూ.10,000 నుంచి రూ.20,000కు పెంచింది. అయితే వేటపై తగాదాలు ఈ విరామంతోనే తీరేవి కావు. ఏ వలతో, తీరానికి ఎంత దూరంలో పట్టాలన్నదీ అంతే ముఖ్యం. 2022 జనవరిలో విశాఖలో, చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలలపై మత్స్యకారుల మధ్య గొడవ పడవలు తగలబెట్టేదాకా వెళ్లింది.

గోదావరిలో దొరికే పులస చేపది మరో చిక్కు. సాల్మన్‌లాగే ఇదీ గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతుంది. ఆ ప్రయాణం వరద నీరు వచ్చే జులై నుంచి, అంటే నిషేధం ముగిశాకే. కడుపునిండా గుడ్లున్న చేప వలలో పడుతుంది. తప్పించుకున్నదానికి ధవళేశ్వరం బ్యారేజీ అడ్డు. బంగ్లాదేశ్‌లో ఇదే చేప కోసం అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ప్రత్యేకంగా వేట ఆపుతున్నారు.

పులసకూ అలాంటి విరామం కావాలి, ఆ రోజులకు భృతితో సహా. వానాకాలంలో హైదరాబాద్ అమీర్‌పేటలో కూర్చుని గుడ్ల పులసే కావాలని పట్టుబట్టే మనమూ ఆ కొన్నాళ్లు ఆగాలి.