"వాతనొప్పులు" అను ఒక్క మాట చాలునా?

మోకాళ్లు పట్టుకొని వచ్చిన ప్రతి రోగికీ "వాతమండీ" అని చెప్పి పంపడం మన వైద్యులకు పాత అలవాటు. నేనూ చాలా ఏండ్లు నా పుస్తకంలో ఆ మాటే వ్రాసుకొన్నాను. నాడి, నాలుక చూచినవాడిని నేనే గనుక మిగిలినదంతా నా జ్ఞాపకంలో ఉండేది. రోగి మరొక వైద్యుని వద్దకు వెళ్లినప్పుడే చిక్కు.

కొన్నాళ్ల క్రితం ఒక గృహిణి వ్రేళ్ల కణుపులు వాచి, కొద్ది జ్వరముతో వచ్చింది. ఆమె కుమార్తె ఇంటికి సమీపంలోని చికిత్సాలయమునకు చీటీ వ్రాసి పంపాను. చీటీలో "వాతనొప్పులు" అని మాత్రమే ఉన్నది. అక్కడి కంప్యూటరులోనూ అదే ఎక్కింది. దానిని చూచి సహాయకురాలు వారము రోజులు తైలాభ్యంగము చేసింది. వాపు రెట్టింపై రోగి తిరిగి నా వద్దకే వచ్చింది. ఆ సహాయకురాలి తప్పేమున్నది? వాతమునకు తైలమని ఆమెకు నేర్పారు. తప్పు నా చీటీది.

సంధివాతములో కీళ్లు అరిగి, కదిపినప్పుడు శబ్దము చేస్తాయి, తైలము హితకరము. ఆమవాతము వేరు. జఠరాగ్ని మందగించి, పక్వము కాని రసము ఆమమై, వాతముతో కూడి కీళ్లలో చేరుతుంది. వాపు, ఉదయము లేవగానే బిగువు, అరుచి, ఒడలి బరువు, జ్వరము దీని లక్షణములు. ఆమము పచనమగువరకు పైన తైలము తగదు. లంఘనము, శొంఠి కషాయము, వేయించిన ఇసుక మూటతో పొడి కాపడము మేలు. "మరి ఆముదము త్రాగమంటారేమి?" అని పాఠకులు అడుగవచ్చును. అది లోపలికిచ్చే విరేచనౌషధము. వైద్యుని ఎదుటనే పుచ్చుకోవలెను. ఈ వ్యాధి ఆధునికులు చెప్పే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌ను చాలవరకు పోలి ఉంటుంది గనుక రక్తపరీక్షయు చేయించుట మంచిది.

ఈ పేర్ల తికమక తీర్చుటకే 2017లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ "నమస్తే" అను పోర్టల్‌ను ప్రారంభించి, ఆయుర్వేద, సిద్ధ, యునానీ వ్యాధులకు ప్రామాణిక నామములు, సంకేతములు ఏర్పరచింది. 2022 జనవరి 1 నుండి అమలులోనున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధి వర్గీకరణ ఐ.సి.డి.-11లో సంప్రదాయ వైద్యమునకు 26వ అధ్యాయమున్నది. మన మూడు పద్ధతుల వ్యాధులకు సంబంధించిన రెండవ విభాగమును 2024 జనవరి 10న ఢిల్లీలో ఆవిష్కరించారు. ఆధునిక వ్యాధినామముతోపాటు మన నామమునూ నమోదు చేయవచ్చును. అయితే మరణకారణమును తెలుపుటకు ఈ సంకేతములు ఉద్దేశింపబడలేదు. ఆ నియమము నాకు సబబుగానే తోచింది.

2021లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నారు. రోగి సమ్మతితో అతని వివరములు ఒక ఆస్పత్రి నుండి మరొకదానికి చేరగలవు. సరియైన మాట ఎంత దూరము పోగలదో, నా చీటీలోని వంటి మాటయు అంతే దూరము పోగలదు.

అందుచేత నర్సులకు, ఫార్మసిస్టులకు, చికిత్సా సహాయకులకు మీటలు నొక్కుట నేర్పినంత మాత్రమున చాలదు. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అను అయిదింటిని రోగి మంచము వద్దనే చూపవలెను. చరకసంహిత విమానస్థానములో అధ్యయనము, అధ్యాపనము, తద్విద్యసంభాష అని మూడు ఉపాయములు చెప్పబడ్డాయి. మూడవది, అనగా తెలిసినవారితో చర్చ, నేటి శిక్షణలో కొరవడింది. మా గురువుగారు రోజూ సాయంకాలము నాటి రోగులను గూర్చి మమ్ములను వాదించుకోనిచ్చి, తాను వింటూ కూర్చునేవారు.

ఇప్పుడు నా వద్ద పనిచేసే అమ్మాయి సంకేతము ఎక్కించే ముందు నన్ను ప్రశ్నిస్తుంది: "ఆకలి ఎట్లున్నదన్నారు? ఉదయము బిగువు ఎంతసేపు?" తొలినాళ్లలో నాకు విసుగు కలిగేది. ఆ గృహిణి పత్రములో "ఆమవాతము; ప్రస్తుతము తైలాభ్యంగము నిషిద్ధము" అని ఆ అమ్మాయియే వ్రాసింది.