మూగవోయిన మీటలు

భిలాయి ఉక్కు నగరంలో ఒక సాయంకాలాన్ని ఊహించండి. కర్మాగారంలో మూడు దశాబ్దాలపాటు యంత్రాల మరమ్మతు చూసి పదవీ విరమణ చేసిన తండ్రి వరండాలో కూర్చుని ఉన్నాడు. లోపలి గదిలో కుమార్తె ప్రవేశ పరీక్షకు దరఖాస్తు నింపుతున్నది. గడువు ఆ రాత్రితో తీరిపోతుంది. సగం నింపేసరికి ల్యాప్‌టాప్ కీబోర్డు మూగవోయింది. మీటలను ఎంత చకచకా నొక్కినా తెరపై ఒక్క అక్షరం పడదు.

"నాన్నా, ఇది చెడిపోయింది. దుకాణం మూసేలోగా తీసుకువెళ్లాలి" అన్నది ఆమె.

"చెడిపోయింది సరే తల్లీ, ఎక్కడ చెడింది?" అని అడిగాడు తండ్రి.

మరమ్మతు విద్యకు ఆది ఈ ప్రశ్నే. సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయి కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అక్కడ బొగ్గు కోక్‌గా, ఖనిజం ఇనుముగా, ఇనుము ఉక్కుగా, ఉక్కు రైలు పట్టాగా మారే పని గొలుసుకట్టుగా సాగుతుంది. చివర పట్టా రాలేదంటే తప్పు పట్టాల మిల్లుదేనని అనుభవజ్ఞుడు తీర్పు చెప్పడు. ఏ లంకె తెగిందో చూస్తూ వెనుకకు నడుస్తాడు.

కీబోర్డు కూడా అటువంటి గొలుసే. మీట కింద రబ్బరు బుడిపె, దాని కింద పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. పొరలపై విద్యుత్తు ప్రవహించే సన్నని గీతలు అచ్చువేసి ఉంటాయి. మీట నొక్కితే పై గీత కింది గీతను తాకుతుంది. మీటకొక తీగ చొప్పున వేయడం దండుగ గనుక గీతలను అడ్డంగా, నిలువుగా వల అల్లినట్లు అమర్చారు. 8 అడ్డు గీతలు, 16 నిలువు గీతలు ఉంటే 24 తీగలతోనే 128 కూడళ్లు ఏర్పడతాయి. ఒక చిన్న చిప్పు ఈ కూడళ్లను క్షణానికి అనేకసార్లు తడిమి చూస్తూ, ఏది కలిసిందో కంప్యూటరుకు చెబుతుంది. ఆపైన ఆపరేటింగ్ సిస్టమ్ దానిని అక్షరంగా మారుస్తుంది.

ఈ అమరిక తెలిస్తే రోగ లక్షణాలు వాటంతటవే అర్థమవుతాయి. ఒక్క మీటే పలకకపోతే దాని కింద దుమ్మో, బిస్కెట్టు పొడో చేరి ఉండవచ్చు. పొంతన లేని నాలుగైదు అక్షరాలు ఒకేసారి పోతే వలలో ఒక గీత తెగిందని అనుమానించాలి. యు, ఐ, ఓ అక్షరాలకు బదులు 4, 5, 6 అంకెలు పడుతున్నాయా? అది రోగమే కాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే అలాగే జరుగుతుంది. దుమ్మును చిన్నచూపు చూడరాదు. అతి పలుచని మీటలతో ఆపిల్ సంస్థ 2015 నుండి తెచ్చిన కీబోర్డులు నలుసు పడినా మొరాయిస్తున్నాయని ఫిర్యాదులు రాగా, 2018లో ఆ సంస్థ ఉచిత మరమ్మతు ప్రకటించవలసి వచ్చింది.

మన కథలో మీటలన్నీ పలకడం మానివేశాయి. పొరుగింటి నుండి విడి కీబోర్డు తెచ్చి తగిలించారు. విచిత్రంగా అదీ పలుకలేదు! మదర్‌బోర్డు పోయిందని కుమార్తె దిగులుపడింది. తండ్రి ఆలోచన వేరు. రెండు కీబోర్డులు ఒకేసారి చెడవు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే తప్పు ఉన్నది. ల్యాప్‌టాప్‌ను ఆపి, తిరిగి వెలిగించి, విండోస్ మేల్కొనకముందే బయోస్ తెర తెరిపించాడు. (కంపెనీని బట్టి ఎఫ్2, డిలీట్ వంటి మీట దీనికి పనికివస్తుంది.) అక్కడ బాణపు గుర్తుల మీటలు తాకీ తాకగానే కదిలాయి. అంటే పొరలు, తీగలు, చిప్పు క్షేమమే. అక్కడ కూడా ఉలుకూ పలుకూ లేకపోయి ఉంటే లోపం లోపలి భాగాలదని తేలేది, దుకాణానికి వెళ్లక తప్పేది కాదు.

టీ ఒలికినప్పుడు మాత్రం ఇన్ని పరీక్షలకు వ్యవధి లేదు. వెంటనే విద్యుత్తు తీసివేసి, ల్యాప్‌టాప్ ఆపి, తెరచి బోర్లించాలి. హెయిర్ డ్రయ్యరు వేడి ప్లాస్టిక్‌కు హాని. బియ్యంలో పాతిపెట్టడం వృథా ప్రయాస. టీలోని చక్కెర ఆరిన తరువాత కూడా జిగురై మిగులుతుంది గనుక, పైకి ఎండినట్లు కనిపించినా తెలిసినవారిచేత శుభ్రం చేయించిన తరువాతనే మళ్లీ వెలిగించడం మేలు.

అంతకంటె ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది. మీటలు బిగుసుకుపోవడంతోపాటు కీబోర్డు మధ్యభాగం ఉబ్బినట్లు కనిపించినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా దోషం మీటలది కాదు. కింద ఉన్న లిథియం బ్యాటరీలో వాయువు చేరి అది ఉబ్బుతున్నది. అటువంటి యంత్రాన్ని చార్జింగుకు పెట్టరాదు. ఉబ్బును అదిమి సరిచేయబోరాదు. బ్యాటరీకి చిల్లు పడితే మంటలు లేవవచ్చు. ఆపివేసి సర్వీసు కేంద్రానికి అప్పగించాలి. మీటలు మొరాయిస్తున్నాయని విసుక్కుని గట్టిగా కొట్టే అలవాటున్నవారు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఆ ఇంట్లో యంత్రం ఉబ్బలేదు, తడవలేదు. మళ్లీ విండోస్ తెరచినప్పుడు తండ్రి ఒక మీటను నొక్కి, వేలు తీయకుండా కాసేపు ఉంచాడు. అక్షరం పడింది! చురుకుగా నొక్కితే పడదు, నిదానించి నొక్కితే పడుతుంది.

"ఇందాక తెరపై ఏదైనా అడిగిందా?"

"కుడివైపు షిఫ్టు మీద వేలు ఆనించి నిబంధనలు చదువుతున్నాను నాన్నా. ఏదో అడిగింది. చదవకుండానే అవునని నొక్కేశాను."

ఫిల్టర్ కీస్ అనే సదుపాయం అది. చేతులు వణికేవారు పొరపాటున తాకిన మీటలను లెక్కచేయకుండా ఉండేందుకు విండోస్‌లో ఏర్పాటు చేశారు. కుడి షిఫ్టును 8 క్షణాలు నొక్కి ఉంచితే అది మేలుకొని అనుమతి అడుగుతుంది. సెట్టింగులలోని యాక్సెసిబిలిటీ విభాగంలో దానిని ఆపివేశారు. గడియారంలో అప్పటికి తొమ్మిది కావస్తున్నది. పొరుగువారి కీబోర్డు తిరిగి ఇచ్చి రావడానికి తండ్రి చెప్పులు వేసుకున్నాడు. లోపలి గదిలో మీటల చప్పుడు మళ్లీ మొదలైంది.