గుర్రానికి శూల వస్తే గంటలే ప్రాణం

గుర్రం వాంతి చేసుకోలేదు. ఆహారనాళం జీర్ణాశయంలో కలిసేచోట కండరం అంత బిగువుగా ఉంటుంది. నాలుగైదు క్వింటాళ్ల జంతువుకు జీర్ణాశయం పట్టేది 8 నుంచి 15 లీటర్లే. లోపల ఒత్తిడి పెరిగితే పైకి దారి లేదు, చివరికి పగలడమే. జీర్ణాశయం తర్వాత ఇరవై మీటర్లు దాటిన చిన్నపేగు, ఆపైన పొట్టలో పెద్దగా కట్టుబాటు లేకుండా కదలాడే పెద్దపేగు. ఆ పెద్దపేగు ఒకచోట వెనక్కి మళ్లుతూ ఒక్కసారిగా సన్నబడుతుంది, ఎండుగడ్డి గట్టిపడి అడ్డం పడేది ఎక్కువగా అక్కడే. గ్యాస్ పట్టినా, మేత ఇరుక్కున్నా, ఇసుక పేరుకున్నా, పేగు మెలిపడినా పైకి కనిపించేది ఒకటే, శూల అనే కడుపునొప్పి. గుర్రం ముందుకాలితో నేల తవ్వుతుంది, డొక్క వైపు తిరిగి తిరిగి చూస్తుంది, పై పెదవి ముడుస్తుంది, దాణా వదిలేస్తుంది, లద్దె తగ్గుతుంది, నొప్పి ముదిరితే నేలమీద పడి పొర్లుతుంది. గంటలో తగ్గిపోయే గ్యాస్ నొప్పి, పూట తిరక్కుండా చంపేసే మెలిక రెండూ మొదట్లో ఒకేలా కనిపించడమే ఈ జబ్బులోని అసలు ప్రమాదం.

అమెరికాలో 1998, 1999ల్లో సేకరించిన జాతీయ సమాచారం ప్రకారం, ఏడాదికి ప్రతి వంద గుర్రాల్లో దాదాపు 4 సార్లు శూల వచ్చింది. అలా వచ్చినవాటిలో నూటికి 11 చనిపోయాయి. శస్త్రచికిత్స దాకా వెళ్లినవి నూటికి ఒకటిన్నర కూడా లేవు. ఇది చూసి చాలామంది, ఎక్కువ భాగం వాటంతటవే తగ్గుతాయి కదా, తెల్లారాక చూద్దాం అనుకుంటారు. లెక్క నిజమే, దాని నుంచి తీసిన అర్థమే తప్పు. మెలిపడిన పేగుకు రక్తం అందదు. గంటల్లోనే లోపొర చచ్చిపోయి, పేగులోని విషాలు రక్తంలోకి చేరతాయి. పెద్దపేగు మెలిపడి శస్త్రచికిత్స చేయించుకున్న ఆడగుర్రాలపై 2015లో వెలువడిన అధ్యయనం దీన్ని కళ్లకు కట్టింది. నొప్పి మొదలై రెండు గంటల్లోపు ఆస్పత్రికి వచ్చినవాటితో పోలిస్తే, రెండు నుంచి నాలుగు గంటల మధ్య వచ్చినవాటికి ప్రాణాపాయం మూడింతలయింది. నాలుగు గంటలు దాటితే అది దాదాపు పన్నెండింతలు. సర్జన్ చేతికి చిక్కకముందే చాలా గుర్రాల తలరాత గుర్రపుశాలలో తేలిపోతోందని నేననేది అందుకే.

నడిపిస్తే సర్దుకుంటుంది, ఒక నొప్పి ఇంజెక్షన్ వేస్తే చాలు అనే నమ్మకం మనదగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ ఉంది. కాసేపు మెల్లగా నడిపిస్తే పొర్లి దెబ్బలు తగిలించుకోకుండా ఆపొచ్చు. కానీ మెలిపడిన పేగు నడకతో విడిపోదు. ఫ్లునిక్సిన్ లాంటి మందు బాధను నిజంగానే తగ్గిస్తుంది, వైద్యులూ వాడతారు. పరీక్షకు ముందే, ఎవరికీ చెప్పకుండా వేస్తే మాత్రం లోపల ముదురుతున్న జబ్బును కప్పిపెడుతుంది. పశువులకు పోసినట్టు నోట్లో బలవంతంగా నూనె పోయడం ఇంకా ప్రమాదం, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వైద్యుడు ముక్కులోంచి జీర్ణాశయం దాకా గొట్టం వేస్తాడు. లోపల నిలిచిన ద్రవం దాన్లోంచి బయటికి వస్తే జీర్ణాశయం పగలకుండా ఆగుతుంది, ఆ అడ్డంకి చిన్నపేగులో ఉందేమో అనే అనుమానమూ బలపడుతుంది. ఆయన వచ్చేలోపు యజమాని చేయగలిగిన గొప్ప పని ఒకటుంది. ఎడమ మోచేతి వెనక స్టెతస్కోప్ పెట్టి గుండె లెక్కపెట్టడం. స్థిమితంగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. 60 దాటితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

ఎంత ఖరీదైన వైద్యం చేసినా చనిపోతున్నాయి కదా అనే ప్రశ్నను తోసిపుచ్చలేం. 2018లో ఐర్లండ్, ఇంగ్లండ్ పందేల్లో మెరిసిన రోరింగ్ లయన్ అనే గుర్రం మరుసటి ఏడాదే న్యూజిలాండ్‌లో శూలతో పోయింది. డ్రెస్సాజ్ అనే గుర్రపుస్వారీ పోటీల్లో ప్రపంచానికి తెలిసిన టోటిలాస్ 2020లో ఇరవయ్యేళ్ల వయసులో ఇదే జబ్బుకు బలైంది. అయినా వివిధ ఆస్పత్రుల అనుభవం చూస్తే, శస్త్రచికిత్స తర్వాత మత్తు దిగి లేచి నిలబడ్డ గుర్రాల్లో ఎక్కువ భాగం ఇంటికి చేరుతున్నాయి. వయసు మళ్లినంత మాత్రాన ఆశ వదులుకోవాల్సిన పనీ లేదు. పేగు ఎంత దెబ్బతిన్నదన్నదే ముఖ్యం.

ఇక మనదగ్గర గుర్రాల మాట. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో బరువులు మోసే గుర్రానికి ఆపరేషన్ అందని మాట. ఆ యజమానికి ఈ గంటల లెక్క ఎందుకు అనొచ్చు. అతనికే ఎక్కువ అవసరం. గ్యాస్, ఇరుక్కున్న మేత లాంటివి గొట్టం, ద్రవాలు, మందులతోనే చాలావరకు కుదురుకుంటాయి, అదీ త్వరగా పట్టుకుంటేనే. మెలిక అని తేలి ఆపరేషన్‌కు దారి లేకపోతే, గంటల తరబడి పొర్లి చావనివ్వకుండా నొప్పి లేని మరణం ఇవ్వడం కూడా వైద్యమే. కాబట్టి గుర్రాలున్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. డొక్క వైపు చూస్తూ మేత మానేసిన గుర్రాన్ని తెల్లారేదాకా వదిలేయకండి. వేళ కాని వేళైనా సరే, పశువైద్యుడికి అప్పుడే ఫోన్ చేయండి.