మంటకు లొంగని విషం

ఊరి చివర చెత్తకుప్పలో సెలైన్ సీసాలు, సిరంజీలు, సూదులు కనిపిస్తే జనానికి వచ్చే భయం ఒక్కటే: జబ్బులు అంటుకుంటాయేమోనని. ఆ భయానికి కొన్ని చిన్న ఆస్పత్రుల వారికి తెలిసిన మందు అగ్గిపుల్ల. రాత్రికి రాత్రి గుట్ట తగలబడుతుంది. తెల్లారేసరికి తట్టెడు బూడిద. పీడ వదిలిందనుకుంటారు.

సూక్ష్మజీవులు మంటకు చస్తాయి. లోహాలు చావవు. పీవీసీ గొట్టాల్లో, రంగు ప్లాస్టిక్‌లో కలిపే సీసం, కాడ్మియం వంటివి వుంటే అవి బూడిదలో మిగిలి, తొలకరి వానకు మట్టిలోకి దిగుతాయి. కాడ్మియాన్ని ఆకుకూరలు ఇట్టే పీల్చుకుంటాయి. కుప్ప పక్కన తోటకూర మడి ఏపుగా వుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

పాదరసం సంగతి మరీ చిత్రం. పాత రకం బీపీ యంత్రంలో అది 80 నుంచి 100 గ్రాముల దాకా వుంటుంది. పుచ్చిపళ్లకు నింపే వెండి మిశ్రమంలో సగం అదే. ఇలాంటి బీపీ యంత్రాల, థర్మామీటర్ల తయారీ 2020తో ఆగిపోవాలని మినమాటా ఒప్పందం గడువు పెట్టింది. భారత్ 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. మరి అటకెక్కిన పాత యంత్రాలు ఎటు పోవాలి? పాత సామాన్ల కొట్టుకు పోతే, గాజు పగిలేది అక్కడి నేల మీదే.

కొడైకెనాల్‌లో అలాగే అయింది. హిందుస్థాన్ లీవర్ వారి థర్మామీటర్ల కర్మాగారం నుంచి వచ్చిన పాదరసపు గాజు ఓ పాత సామాన్ల కొట్టులో బయటపడి గొడవ కాగా, 2001లో కర్మాగారం మూతపడింది. 2003లో దాదాపు 290 టన్నుల వ్యర్థాలను అమెరికాకు పంపేశారు. మట్టిని మాత్రం ఎక్కడికీ పంపలేకపోయారు. దాన్ని ఎంతమేరకు శుభ్రం చేయాలన్న తగాదా 15 ఏళ్లు దాటినా తెగలేదు.

ఆస్పత్రి చెత్తను రంగుల సంచుల్లో విడదీయాలనీ, శుద్ధి చేయకుండా మునిసిపాలిటీ చెత్తలో కలపరాదనీ 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. క్లోరిన్ కలిసిన ప్లాస్టిక్ సంచులు మానుకోవడానికి అవి రెండేళ్లు గడువిచ్చాయి. చెత్తను కాల్చే ఉమ్మడి కేంద్రాల్లో సైతం బూడిదలో విషలోహాలు హద్దు మీరితే దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే చూడాలి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన బూడిద, ఊరి కుప్పలో పడితే మామూలు బూడిదే. అక్కడి నుంచి పొలానికి ఎరువు తోలుకునే రైతు గాజుపెంకులు, సూదులు ఏరి పారేస్తాడు. బూడిదను ఏరడం ఎవరి తరం? బండెక్కి చేలోకి పోతుంది.