వ్యాధిని ఎదిరించే బలం వంటింట్లోనే మొదలు

'ఇమ్యూనిటీ' అనే మాట 2020కి ముందు మన ఇళ్ళలో అంతగా వినిపించేది కాదు. కరోనా వచ్చాక చదువుకున్నవారు, చదువుకోనివారు అనే తేడా లేకుండా అందరి నోటా అదే మాట. సి విటమిన్, జింక్ మాత్రల కోసం మందుల షాపుల చుట్టూ తిరిగాం. శొంఠి, మిరియాలు, పసుపు వేసి మరిగించిన కషాయం పూటపూటకూ తాగాం. ఆ భయం తగ్గింది గానీ ఆ మాట మీద నడిచే వ్యాపారం తగ్గలేదు. పిల్లల పొడి డబ్బా మీద, జ్యూసు సీసా మీద కూడా 'ఇమ్యూనిటీ పెంచుతుంది' అని రాసి అమ్ముతున్నారు.

ఇందులో బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. అలాంటి డబ్బాకు వందల రూపాయలు పోసే ఇంట్లోనే, గుడ్ల ధర పెరిగిందని గుడ్లు మానేస్తారు. కందిపప్పు ధర పెరిగిందని పప్పు పలచన చేస్తారు. ఏది నిజంగా బలమిస్తుందో, ఏది పేరుకు మాత్రమే బలమో తెలియకపోతే డబ్బూ పోతుంది, ఆరోగ్యమూ పోతుంది. కాబట్టి ఈ విషయాన్ని కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

రోగనిరోధక శక్తి అంటే ఏమిటి?

ఇది తొట్టిలో నీళ్ళలా పోసి నింపుకునే పదార్థం కాదు. మన ఎముకల మూలుగలో ప్రతిరోజూ కోట్లాది తెల్ల రక్తకణాలు తయారవుతుంటాయి. వాటిలో కొన్ని ఒకటి రెండు రోజులకు మించి బతకవు. కాబట్టి ఆ పని ఆగడానికి వీల్లేదు. క్రిములను గుర్తుపట్టి అడ్డుకునే యాంటీబాడీలు కూడా శరీరంలోనే తయారవుతాయి. అవి మాంసకృత్తులే. అంటే ఈ సైన్యానికి రోజూ జీతభత్యాలు కావాలి. అవి మనం తినే అన్నం, పప్పు, కూర, పండు నుంచే రావాలి.

ఇంకొక సంగతి. ఈ శక్తి ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. అది దారి తప్పి సొంత శరీరం మీదే తిరగబడితే రుమటాయిడ్ కీళ్ళవాతం వంటి జబ్బులు వస్తాయి. మనకు కావలసింది అతిగా రెచ్చిపోయే సైన్యం కాదు, ఆకలితో నీరసించని సైన్యం.

జార్ఖండ్ నేర్పిన పాఠం

తిండికీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని మన దేశంలోనే ఒక గొప్ప పరిశోధన రుజువు చేసింది. దాని పేరు 'రేషన్స్'. మంగళూరులోని యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ, వారి సహచరులు 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో దీన్ని జరిపారు. 2,800 మంది క్షయ రోగులను, వారి ఇళ్ళలో ఉండే 10,345 మంది కుటుంబ సభ్యులను ఇందులో చేర్చుకున్నారు.

రోగులందరికీ మందులతోపాటు ఆహార సామగ్రి ఇచ్చారు. కుటుంబ సభ్యుల విషయంలో మాత్రం రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి పెద్దవారికి తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రెండవ వర్గం ఎప్పటిలాగే తమ ఇంటి తిండి తిన్నది. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఆహారం అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు సులభంగా అంటుకునే ఊపిరితిత్తుల క్షయ అయితే 48 శాతం, అంటే దాదాపు సగం తగ్గింది.

ఒక్కసారి ఆలోచించండి. అదే ఇల్లు, అదే గాలి, పక్కనే దగ్గుతున్న రోగి. తేడా అంతా బియ్యం, పప్పు, కొన్ని విటమిన్లే. ఇక రోగుల విషయానికి వస్తే, చికిత్స మొదలైన రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణం ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ఏ ప్రకటనలోనూ కనిపించని 'ఇమ్యూనిటీ బూస్టర్' పేరు కందిపప్పు అని దీన్నిబట్టి చెప్పుకోవచ్చు.

పళ్ళెంలో ఏముండాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన భారతీయుల ఆహారం మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తోంది. 2024లో అది కొత్త ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. అందులోని సారం ఇది: అన్నం, రొట్టె వంటివి తగ్గాలి, పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, గింజలు పెరగాలి. మన ఇళ్ళలో పళ్ళెం నిండా అన్నం ఉంటుంది. పప్పు, కూర ఆ అన్నం దిగడానికి అన్నట్టు ఉంటాయి. మార్చుకోవలసింది ఇక్కడే.

మొదట మాంసకృత్తులు. 60 కిలోల బరువున్న మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు కావాలి. ఇది పెద్ద లెక్కేమీ కాదు. 300 గ్రాముల బియ్యంలో 20 గ్రాములకు పైగా, రెండు గుడ్లలో 12, గుప్పెడు పప్పు రెండు పూటలా వండితే మరో 12, గ్లాసు పాలలో లేదా పెరుగులో 6 గ్రాములు వస్తాయి. గుడ్డు తిననివారు గుప్పెడు వేరుశెనగలు, ఉడికించిన శనగలు, పెసల మొలకలు తినవచ్చు. అన్నంలో తక్కువైన లైసిన్ అనే అంశం పప్పులో పుష్కలంగా ఉంటుంది. పప్పన్నం మన పెద్దలు ఊరికే అలవాటు చేయలేదు.

తరువాత ఆకుకూరలు, పండ్లు. తోటకూర, పాలకూర, మునగాకు, పండిన బొప్పాయి, మామిడి ఇవన్నీ ఎ విటమిన్‌గా మారే పదార్థాన్ని ఇస్తాయి. ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, పేగుల లోపలి పొర గట్టిగా ఉండాలంటే అది కావాలి. క్రిములకు మొదట అడ్డుపడే గోడ ఆ పొరే. సి విటమిన్ కోసం ఖరీదైన మాత్రలు అక్కరలేదు. 100 గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దలకు రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములకు మించదు. అంటే ఒక చిన్న జామకాయ చాలు. ఉసిరికాయ కూడా అంతే. సి విటమిన్ మాత్రలు రోజూ వేసుకున్నా సాధారణ ప్రజల్లో జలుబు రావడం తగ్గలేదని, వచ్చిన జలుబు మాత్రం కాస్త ముందుగా తగ్గిందని అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది.

మూడవది ఇనుము. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే అది పట్టకుండా పోతుంది. టీ తాగాలంటే గంటసేపు ఆగడం మంచిది.

నాల్గవది పీచు పదార్థం. పేగుల్లో ఉండే మేలుచేసే సూక్ష్మజీవులు దాన్ని తిని బతుకుతాయి. మన రక్షణ కణాల్లో పెద్ద భాగం పేగుల దగ్గరే కాపు కాస్తుంది. రాగి, జొన్న, కొర్రలు, పొట్టు తీయని పప్పులు, ఇంట్లో తోడు పెట్టిన పెరుగు ఆ పేగులకు మంచివి.

షుగరు, పథ్యం, కషాయం

షుగరు జబ్బు అదుపులో లేకపోతే తెల్ల రక్తకణాలు తమ పని సరిగా చేయలేవు. 2021లో బ్లాక్ ఫంగస్ ఎంతోమందికి సోకడానికి అదుపులో లేని షుగరు, అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్లు ముఖ్య కారణాలయ్యాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు షుగరు ఉంది. కాబట్టి కూల్‌డ్రింకులు, స్వీట్లు, మైదా తగ్గించుకోవడం రోగనిరోధక శక్తిని కాపాడుకోవడమే.

'లంఖణం పరమౌషధం' అని మనవారు అంటారు. అజీర్తి చేసినప్పుడు ఒక పూట మానేస్తే తప్పులేదు. కానీ జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చు చేసే శక్తి 10 శాతానికి పైగా పెరుగుతుంది. టైఫాయిడ్ వంటి రోజుల తరబడి ఉండే జ్వరంలో పస్తు పెడితే రోగి కండ కరిగిపోతుంది. జావ, మెత్తగా ఉడికించిన పప్పన్నం, ఇడ్లీ, గుడ్డు కొద్దికొద్దిగా ఇస్తూనే ఉండాలి. అలాగే బాలింతకు పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, ఆకుకూరలు, పండ్లు మాన్పించి కారప్పొడి అన్నం పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కాన్పులో రక్తం పోయి, బిడ్డకు పాలిస్తున్న తల్లికి ఎక్కువ బలం కావలసిన రోజులవి.

కషాయం గొంతుకు హాయినిస్తుంది. వంటలో పసుపు, అల్లం, వెల్లుల్లి మంచివే. అయితే సహజమైనదంతా ఎంత వాడినా హాని చేయదని అనుకోకూడదు. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురు రోగుల వివరాలను ముంబయి వైద్యులు 2021లో వైద్య పత్రికలో ప్రచురించారు. తిప్పతీగే కారణమన్న మాటతో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఏకీభవించలేదు. ఏది ఏమైనా, కాలేయ జబ్బులు ఉన్నవారు డాక్టరును అడగకుండా నెలల తరబడి ఏ మూలికనూ వాడకపోవడం క్షేమం.

నడక, నిద్ర

రక్తాన్ని నడిపించడానికి గుండె ఉంది. రక్షణ కణాలు ప్రయాణించే లింఫ్ ద్రవానికి అలాంటి పంపు లేదు. కండరాలు కదిలినప్పుడు, గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు అది బాగా ముందుకు సాగుతుంది. చురుగ్గా నడుస్తున్నప్పుడు రక్షణ కణాలు ఎక్కువగా రక్తంలోకి వచ్చి ఒళ్ళంతా గస్తీ తిరుగుతాయి. అమెరికాలోని అప్పలాచియన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వెయ్యిమంది పెద్దలను 12 వారాలు గమనించారు. వారానికి ఐదు రోజులకు తగ్గకుండా వ్యాయామం చేసినవారు జలుబు, దగ్గులతో బాధపడిన రోజులు, ఒళ్ళు కదల్చనివారికంటే 43 శాతం తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నిమిషాలు. అంటే ఐదు రోజులు, రోజుకు అరగంట. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగంగా నడిస్తే సరిపోతుంది. జిమ్ముకు డబ్బు కట్టనక్కరలేదు. పొద్దున ఎండ మరీ మండకముందు ఊరి బయట దారి చాలు. జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం వ్యాయామం మానేసి విశ్రాంతి తీసుకోవాలి.

అయితే ఈ సలహా కుర్చీలో కూర్చుని పని చేసేవారికి. పొద్దున్నే నాట్లకు, కోతలకు, ఇటుక బట్టీలకు వెళ్ళి సాయంత్రం ఇంటి చాకిరీ చేసే కూలి తల్లికి నడవమని చెప్పడం హాస్యాస్పదం. ఆమెకు కావలసింది కడుపునిండా పప్పన్నం, ఒక గుడ్డు, కంటినిండా నిద్ర.

నిద్ర గురించి కూడా ఒక మాట. 2009లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధనలో 153 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఎనిమిది గంటలు, అంతకు మించి నిద్రపోయేవారికంటే, ఏడు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవారికి జలుబు చేసే అవకాశం దాదాపు మూడు రెట్లు. రాత్రి పన్నెండు దాకా సెల్‌ఫోను చూసి, ఉదయాన్నే కషాయం తాగితే ఉపయోగమేముంది?

ఒక హెచ్చరిక, ఒక విన్నపం

తిండి, నడక, నిద్ర శరీరానికి బలమిస్తాయి గానీ మందుకూ టీకాకూ బదులు కావు. జార్ఖండ్‌లో కూడా రోగులు మందులు వాడుతూనే తిన్నారు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితంగా చేస్తారు. మందులూ ఉచితమే. వాటిని డాక్టరు చెప్పిన గడువు దాకా ఆపకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాంసకృత్తుల మోతాదు డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి.

ఇక విన్నపం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంట్లో అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలినది తినేది ఎవరో మనకు తెలుసు. కూర అడుగంటాక పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునేది ఎవరో తెలుసు. అందరూ కలిసి కూర్చుని, ఉన్నది సమానంగా వడ్డించుకుంటే ఆ ఇంటి ఆరోగ్యానికి అంతకు మించిన టానిక్ లేదు. దానికి పైసా ఖర్చు కూడా లేదు.

మన ఇంటి గడప దాటి కూడా చూద్దాం. క్షయ రోగులకు పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేసింది. మీ వీధిలో క్షయ మందులు వాడుతున్నవారికి ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతోందా అని అడగండి. 2022లో మొదలైన 'నిక్షయ్ మిత్ర' కింద వ్యక్తులు, సంస్థలు, సంఘాలు రోగులకు నెలనెలా ఆహార సామగ్రి అందించవచ్చు. వివరాలు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చెబుతారు. ఇమ్యూనిటీ డబ్బాకు పెట్టే డబ్బుతో కొన్ని కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు వస్తాయి. అవి ఒక పేద ఇంటిని జబ్బు నుంచి ఎంతవరకు కాపాడగలవో జార్ఖండ్ మనకు చూపించింది.